టేపు పెట్టి ఫోటో పంపండి



చర్లపల్లి స్టేషన్ నుంచి చెన్నై సెంట్రల్‌కు దాదాపు ఏడువందల కిలోమీటర్లు. నాచారంలోని మా ఇంటి నుంచి చర్లపల్లి స్టేషన్‌కు పది కూడా ఉండవు. ఈ రెండింటిలో ఏది దూరమని, వీల్‌చైర్‌లో ఉన్న మనిషితో ప్రయాణం చేసినవాళ్ళను అడిగి చూడండి. తడుముకోకుండా ఆ పది కిలోమీటర్లే అంటారు. ఏడువందల సంగతి రైలు చూసుకుంటుంది. ఆ పదీ, ప్లాట్‌ఫారానికీ రైలుపెట్టెకూ మధ్యనున్న అడుగున్నర ఎత్తూ, హోటల్ బాత్‌రూమ్ గడపా మనం చూసుకోవాలి. ఇవాళ నేను చెప్పబోయేది ఈ చిన్న దూరాల గురించే.

మా సారుకు, అంటే మా ఆయనకు, నడుము కింద స్పర్శ లేదు, కదలిక లేదు. రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతింది. అంతకుముందు నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీకి కొనుగోళ్ళు చూసేవారు. ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఎంత వెడల్పు, ఎంత మందం, చెప్పిన రోజుకు రాకపోతే ఎవరిని నిలదీయాలి, ఇదే ఆయన ఉద్యోగం. కాళ్ళు పోయాయి గానీ ఆ అలవాటు పోలేదు. ఒకరోజు అన్నం తింటూ తింటూ "సముద్రం చూడాలె" అన్నారు. తెలంగాణవాళ్ళకు సముద్రం సాయంత్రం షికారుకు వెళ్ళి చూసొచ్చేది కాదు కదా. ఎటు పోయినా పగలంతానో రాత్రంతానో రైల్లో గడపాలి.

ఈ మాట బయటికి రాగానే చుట్టాలు ఫోన్లు చేశారు. మంచివాళ్ళే, ప్రేమతోనే చెప్పారు. "ఎందుకు వదినా ఆ తిప్పలు, ఆయనకూ కష్టం, నీకూ కష్టం, టీవీలో చూపిస్తలేరా సముద్రం" అన్నారు. గమనించండి, అందరూ నాకే ఫోన్ చేశారు. ఆయనకు ఒక్కరూ చేయలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు కూడా ఆయన ఎదురుగా కూర్చునే ఉంటే "అన్నయ్యకు టీలో చక్కెర వేయొచ్చా" అని నన్ను అడుగుతారు. చాలా ఇళ్ళలో ప్రయాణం ఏర్పాట్లూ ఇట్లాగే సాగుతాయి. కొడుకు టికెట్లు తీస్తాడు, కోడలు హోటల్ చూస్తుంది, భార్య మందులు సర్దుతుంది, కుర్చీలో ఉన్న మనిషిని చివరికి సూట్‌కేసుల లెక్కలో వేస్తారు. మా ఇంట్లో ఫోన్లన్నీ ఆయనే చేశారు. తన భుజాలు ఎంత బరువు ఆపుతాయో, ఎంతసేపు కూర్చోగలరో, ఏ వేళకు ఏం కావాలో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. వెళ్ళి చూసి రావడానికి కాళ్ళు నావి, అంతే.

ముందు కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. మన దగ్గర వికలాంగులకు సదరం శిబిరంలో ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటుంది, కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు ఉంటుంది. రైలు టికెట్టులో రాయితీకి మాత్రం రైల్వేవాళ్ళ నమూనాలోనే ప్రభుత్వ డాక్టరు సంతకంతో ధ్రువపత్రం ఉండాలి. దాని ఆధారంగా రైల్వే ఒక ఫోటో కార్డు ఇస్తుంది. ఆ కార్డు నంబరు వేస్తే ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో రాయితీ టికెట్ తీసుకోవచ్చు. కార్డు చేతికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి ప్రయాణం అనుకున్నాక మొదలుపెట్టే పని కాదిది. తోడు లేకుండా కదలలేని వారికి స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం తగ్గింపు ఉంది. వెంట వెళ్ళేవారికి కూడా అంతే తగ్గింపు. 2020 మార్చిలో పెద్దవాళ్ళ రాయితీ ఎత్తేశారు గానీ దీన్ని ముట్టుకోలేదు.

బెర్తుల కోటా కూడా ఉంది. 2023లో రైల్వే బోర్డు ఇచ్చిన ఆదేశం ప్రకారం మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో స్లీపర్‌లో నాలుగు, థర్డ్ ఏసీలో రెండు బెర్తులు వికలాంగులకూ వారి తోడుకూ కేటాయించారు. సగం కిందివి, సగం మధ్యవి. ఇంత సౌకర్యం ఉండగా మేం సెకండ్ ఏసీ టికెట్లు తీశాం. 75 శాతం వదులుకుని 50 శాతం రాయితీకి దిగడమేంటని మా అమ్మాయి లెక్క వేసి మరీ కోప్పడింది. పరదా కోసం. థర్డ్ ఏసీలో బెర్తుకు పరదా ఉండదు. సెకండ్ ఏసీలో ఉంటుంది. ఆ గుడ్డముక్క మాకు ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలంటే, రేడియోలో మామూలుగా ఎవరూ మాట్లాడని విషయం మాట్లాడాలి.

మూత్రం గురించి. వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళలో చాలామందికి మూత్రం వచ్చిన సంగతి తెలియదు, వాళ్ళంతట వాళ్ళు పోయలేరు. నాలుగైదు గంటలకోసారి సన్నటి గొట్టం, అదే క్యాథెటర్, పెట్టి తీయాలి. రాత్రంతా ప్రయాణంలో అది రైలు మరుగుదొడ్డిలో కుదిరే పని కాదు. మామూలు పెట్టెలో నడవాలోకి వీల్‌చైరే పట్టదు, మరుగుదొడ్డి దాకా ఎలా వెళ్తారు? కొన్ని రైళ్ళలో గార్డు పెట్టె పక్కన వికలాంగుల కోసం వెడల్పు తలుపు, పెద్ద మరుగుదొడ్డి ఉన్న పెట్టె ఉంటుంది. మంచి ఏర్పాటే. కానీ జనరల్ బోగీ రద్దీ అంతా అందులోకి ఎక్కేస్తే ఆ వెడల్పు తలుపు ఎవరికి పనికొస్తుంది? అందుకే బెర్తు మీదే పని కానివ్వాలి. దానికి పరదా కావాలి, శుభ్రమైన చేతులు కావాలి, మూత ఉన్న డబ్బా కావాలి, వాసన రాకుండా కట్టేసే కవర్లు కావాలి.

చాలామంది ఇంకో ఉపాయం చేస్తారు. ప్రయాణం రోజు నీళ్ళు తాగడం మానేస్తారు. ఇది ఒక్కటి చేయకండి. నీళ్ళు తగ్గితే మూత్రనాళాల్లో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఊరుగాని ఊరులో జ్వరంతో ఆస్పత్రి పాలవుతారు. అందులోనూ ఛాతీ మధ్యభాగం నుంచి పైకి వెన్ను దెబ్బతిన్నవాళ్ళకు మూత్రాశయం నిండిపోయినా, గొట్టం మెలిక పడినా ఒక్కసారిగా బీపీ పెరుగుతుంది. తల పగిలిపోయేలా నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు. అది ప్రమాదం. అప్పుడు మాత్ర వెతికేముందు కూర్చోబెట్టి, గొట్టం సరిచూడాలి. పక్క బెర్తులో ఉన్నవాళ్ళకు ఈ సంగతి తెలియదు, టీసీకి తెలియదు, డాక్టర్లలోనూ కొందరికి వెంటనే తట్టదు. అందుకే డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించి మెడలో వేసుకునే పర్సులో పెట్టుకోవాలి.

కడుపు సంగతికీ ఒక వేళ పెట్టుకుని ఉంటారు, రోజు విడిచి రోజో, ఫలానా పొద్దుటో. రైలు టైమును ఆ వేళకు సర్దాలి గానీ ఆ వేళను రైలుకు సర్దబోతే శరీరం వినదు. మా సారు టైంటేబుల్ ముందేసుకుని మొదట చూసింది అదే. సాయంత్రం బయలుదేరి తెల్లవారి చేరే రైలు కావాలన్నారు. చెన్నై ఎక్స్‌ప్రెస్ అట్లాంటిదే. అందరూ "వైజాగ్ ఉంది కదా, మన తెలుగు ఊరు, వందే భారత్ ఉంది కదా" అన్నారు. నిజమే. 2023 సంక్రాంతికి మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌లో చివరి పెట్టెల్లో వీల్‌చైర్‌కు చోటుంది, విశాలమైన మరుగుదొడ్డి ఉంది, సీటు నంబర్లు బ్రెయిలీలో కూడా ఉంటాయి. మరి ఎందుకు వద్దన్నామంటే, అది కూర్చుని పోయే రైలు. ఎనిమిది గంటలకు పైగా కూర్చోవాలి. స్పర్శ లేని చోట చర్మం నొప్పి పుట్టి హెచ్చరించదు. పావుగంటకో అరగంటకో చేతుల మీద పైకి లేచి బరువు మార్చకపోతే పుండు పడుతుంది. ఒక్కసారి పడితే మానడానికి నెలలు. పడుకుంటే రెండు గంటలకోసారి నేను పక్కకు తిప్పుతాను, ఆయన ఒళ్ళు కుదుటపడుతుంది. మీ ఇంటి మనిషికి పక్షవాతమైతే, కర్ర పట్టుకుని నడవగలిగితే, వందే భారతే మేలు కావచ్చు. ఏ రైలు గొప్పదన్నది ఎవరి ఒంటిని బట్టి వాళ్ళు తేల్చుకోవాలి.

రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. 2024 అక్టోబరు దాకా 120 రోజులుండేది. కాబట్టి టికెట్ తెరిచే రోజుకు మిగతా ఏర్పాట్లన్నీ సిద్ధంగా ఉండాలి.

ఇక ఆ పది కిలోమీటర్ల దగ్గరికి వద్దాం. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ మొదలవడం మా ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వైపు వాళ్ళకు పెద్ద ఊరట. కొత్త స్టేషన్, లిఫ్టులున్నాయి, ఎస్కలేటర్లున్నాయి. సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం సాగుతున్న రోజుల్లో అడ్డుపెట్టిన రేకుల మధ్య వీల్‌చైర్ తోయడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. చెన్నై ఎక్స్‌ప్రెస్ చర్లపల్లికి మారిందని విన్నరోజు మా ఇంట్లో పండగే. ఐతే స్టేషన్ లోపల ఉన్న విశాలం దాన్ని చేరే రోడ్లకు లేదు. ఇరుకు దారి, లారీలు, గుంతలు. సాయంత్రం రైలుకు మధ్యాహ్నమే బయలుదేరాలి.

ఎందులో బయలుదేరాలి? ఇది ఎవరూ ముందుగా ఆలోచించరు. మన ఊళ్ళో తిరిగే క్యాబుల్లో చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉంటుంది. మడిచిన వీల్‌చైర్ అందులో పట్టదు. ముందు సీట్లో పెడదామంటే ఆ సీట్లో కూర్చోవాల్సింది ఆయన. యాప్‌లో కారు రంగు కనిపిస్తుంది, డ్రైవర్ రేటింగ్ కనిపిస్తుంది, డిక్కీ కనిపించదు. కాబట్టి స్టేషన్‌కు వెళ్ళే కారు మాత్రం తెలిసినవాళ్ళ దగ్గర ముందురోజే మాట్లాడుకోవాలి. చెన్నైలో దిగాక కూడా ఇదే తంటా, అక్కడ హోటల్‌వాళ్ళకు చెప్పి డిక్కీ ఖాళీగా ఉన్న కారు పంపించమనాలి.

బస్సు మాట ఎత్తలేదేమని అడుగుతారేమో. ఉప్పల్ రింగ్ రోడ్డులో నిలబడితే వరంగల్‌కూ యాదగిరిగుట్టకూ బస్సుల మీద బస్సులు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకంలో ఎక్స్‌ప్రెస్ బస్సుల దాకా నాకు ఛార్జీ లేదు. మా సారు టికెట్ కొంటానన్నా లాభం లేదు, మొదటి మెట్టు దగ్గరే ప్రయాణం ఆగిపోతుంది.

దూరప్రయాణానికి ముందు ఒక చిన్న ప్రయాణం చేసి చూడటం మంచిది. మేం మెట్రోతో చేశాం. 2017 నవంబరులో నాగోల్ వైపు మెట్రో మొదలైనప్పటి నుంచి ఉప్పల్‌లో స్టేషన్ ఉంది, లిఫ్టు ఉంది, రైలు నేల ప్లాట్‌ఫారం ఎత్తుకే ఉంటుంది కాబట్టి ఆయనంతట ఆయన లోపలికి దొర్లించుకుని వెళ్ళగలరు. 2023 జూన్‌లో రింగ్ రోడ్డు కూడలి మీద స్కైవాక్ కూడా తెరిచారు, దానికీ లిఫ్టులున్నాయి. పైకి చేరాక అంతా బాగుంటుంది. లిఫ్టు పాదం దాకా చేరడమే పని. ఫుట్‌పాత్ మీద బండ్లు, బజ్జీల కొట్టు, ఊడిన రాయి. వరంగల్ రోడ్డు వైపు పోదామంటే 2018లో మొదలుపెట్టిన నారపల్లి ఫ్లైఓవర్ పని ఏళ్ళ తరబడి సాగి, ఆ దుమ్ములో రెండు కాళ్ళున్నవాళ్ళే నడవలేకపోయారు. అయినా ఆ చిన్న ప్రయాణం వల్ల చాలా తెలుస్తుంది. ఎంతసేపట్లో అలిసిపోతారు, నా నడుము ఎంత ఓర్చుకుంటుంది, కుర్చీ ముందు చక్రం ఏ సందులో ఇరుక్కుంటుంది, ఇవన్నీ ఇంటికి తిరిగి రాగలిగినంత దగ్గరలోనే తెలుసుకోవడం నయం.

ఇప్పుడు ఆ అడుగున్నర. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఎత్తుగానే ఉంటుంది, కానీ రైలుపెట్టె నేల దానికంటే ఇంకో అడుగున్నర పైన ఉంటుంది. మధ్యలో మెట్లు, చేతికడ్డీలు, ఇరుకు తలుపు. అక్కడ మనిషిని ఎత్తాల్సిందే. ఎత్తేది కూలీలు. ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు వేసి, ఇంకొకరు మోకాళ్ళ కింద పట్టుకుని. మేం ముందే బేరం మాట్లాడుకుంటాం, ఎలా ఎత్తాలో మా సారే వాళ్ళకు చెబుతారు. "నేను మూడు అన్నాకే లేపాలె, నువ్వు ముందు ఎక్కాలె" అని. వాళ్ళూ ఆయన మాటే వింటారు, ఎందుకంటే ఆజ్ఞలిచ్చే గొంతు అది, అలవాటైన గొంతు.

ఆడవాళ్ళ విషయంలో ఇది ఇంకా సున్నితం. విరాలీ మోదీ అనే ఆమె వీల్‌చైర్‌లో ఉంటారు. రైలెక్కించే నెపంతో కూలీలు తనను అసభ్యంగా తాకారని 2017లో బహిరంగంగా చెప్పి, రైళ్ళలో సౌకర్యాల కోసం సంతకాల ఉద్యమం నడిపారు. ఆ తర్వాత ఎర్నాకుళం మొదలుకొని కొన్ని స్టేషన్లలో మడిచే ర్యాంపులు, నడవాలో పట్టే సన్న వీల్‌చైర్లు వచ్చాయి. భార్యను తీసుకెళ్ళే మగవాళ్ళు వింటుంటే ఒక మాట. ఎత్తేముందు ఆమెను అడగమని కూలీలకు మీరే చెప్పండి, మీ చేయి కూడా అక్కడే ఉండాలి. ఆ స్టేషన్‌లో ర్యాంపు ఉందా అని స్టేషన్ మాస్టరు ఆఫీసులో అడగండి. కొన్నిచోట్ల ఉండి కూడా తాళం వేసిన గదిలో ఉంటుంది.

ఇంకొకటి, గొలుసూ తాళమూ మరిచిపోకండి. మడిచిన వీల్‌చైర్‌ను తలుపు పక్కనో బెర్తు కిందో పెట్టి గొలుసు వేయాలి. సూట్‌కేసు పోతే చీరలు పోతాయి. కుర్చీ పోతే కాళ్ళు పోయినట్టే.

హోటల్ దగ్గర మా సారు ఫ్యాక్టరీ విద్య బాగా పనికొచ్చింది. వీల్‌చైర్‌కు సౌకర్యం ఉందా అని అడిగితే ప్రతి హోటలూ ఉందనే అంటుంది. అబద్ధం చెబుతున్నారని కాదు. రిసెప్షన్ దగ్గర ఒక వీల్‌చైర్ మడిచి పెట్టి ఉంటుంది, వాళ్ళ లెక్కలో అదే సౌకర్యం. అందుకని ఆయన అట్లా అడగరు. ముందు గుమ్మానికి ఎన్ని మెట్లు? ర్యాంపు ఉంటే ఎంత పొడుగు? అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడుగు ఉంటేనే ఒకరు తోయగలిగే వాలు. రెండు మెట్ల మీద మూడడుగుల పలక వాల్చి పెడితే అది జారుడుబండ అవుతుంది. లిఫ్టు తలుపు ఎంత వెడల్పు? మంచం ఎంత ఎత్తు? కుర్చీ సీటు ఎత్తుకు దగ్గరగా ఉంటే ఆయన తనంతట తాను జరిగి మంచం మీదికి మారగలరు, మెత్తటి పరుపు మీద పరుపు వేసి ఎత్తు చేస్తే నేను ఎత్తాలి. అన్నిటికంటే ముఖ్యం బాత్‌రూమ్ తలుపు. గది తలుపు ఎంత విశాలంగా కట్టినా బాత్‌రూమ్ తలుపు మాత్రం మిగిలిన జాగాలో ఇరికిస్తారు. మా కుర్చీ చక్రాల అంచు నుంచి అంచుకు 25 అంగుళాలు. తలుపు చట్రం లోపలి కొలత అంతకంటే ఎక్కువ ఉండాలి.

"ఉంటది సార్, పట్టుద్ది సార్" అంటారు ఫోన్లో. అప్పుడు మా సారు చాలా మర్యాదగా, "తమ్ముడూ, ఒక టేపు తీసుకుని ఆ తలుపుకు అడ్డంగా పెట్టి ఫోటో తీసి వాట్సాప్ చేస్తావా" అంటారు. సగం మంది అక్కడే మాయమవుతారు. పంపినవాళ్ళలోంచి మేం ఎంచుకుంటాం. మాకు దొరికినదాంట్లో స్నానానికి చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీ కావాలన్నాం, హ్యాండ్ షవర్ ఉందో లేదో అడిగాం. ఇద్దరమూ వెళ్ళేసరికి ఫోటో పంపిన కుర్రాడు కుర్చీ కడిగి పెట్టి ఉంచాడు. ఖరీదైన హోటల్ కాదది. ఖరీదుకూ గడపకూ సంబంధం లేదని నాకు అప్పుడే అర్థమైంది. వేడినీళ్ళ విషయంలో మాత్రం జాగ్రత్త. కొత్తచోట గీజరు నీళ్ళు కాళ్ళ మీద పడితే కాలిన సంగతి ఆయనకు తెలియదు. ముందు నా మోచేతి మీద పోసి చూస్తాను. ఒళ్ళో టీ ఫ్లాస్కు పెట్టుకోనివ్వను.

చెన్నైనే ఎందుకు ఎంచుకున్నామో చెప్పనే లేదు. మెరీనాలో 2022 నవంబరు 27న వికలాంగుల కోసం చెక్కదారి తెరిచారు. రోడ్డు దగ్గర మొదలై ఇసుక మీదుగా నీళ్ళ దగ్గర దాకా 263 మీటర్లు. కోటీ 14 లక్షల రూపాయల ఖర్చు. అంతకుముందు కొన్నేళ్ళపాటు డిసెంబరు 3, వికలాంగుల దినం వచ్చినప్పుడు కొద్ది రోజులకు తాత్కాలికంగా దారి వేసి మళ్ళీ తీసేసేవారు. శాశ్వతంగా కావాలని అక్కడి వికలాంగుల సంఘాలు పట్టుబట్టి సాధించుకున్నాయి. తెరిచి రెండు వారాలైనా కాకుండానే మాండూస్ తుఫాను వచ్చి చివరి భాగం విరగ్గొట్టింది. మళ్ళీ బాగుచేశారు. అందుకే మేం తుఫాన్ల నెలలు దాటాక జనవరి తర్వాత వెళ్ళాం. మేలో వెళ్ళకపోవడానికి మాత్రం కారణం వేరు. వెన్ను దెబ్బతిన్న చోటికి కింద చెమట పట్టదు, ఒళ్ళు చల్లబడదు, ఎండదెబ్బ తొందరగా తగులుతుంది. నీళ్ళు చిమ్మే స్ప్రే సీసా ఒకటి వెంట ఉండాలి.

ఇసుకలో వీల్‌చైర్ చక్రం రెండడుగులు కూడా కదలదు. ఆ చెక్కల మీద ఆయన తన చేతులతో తానే తోసుకుంటూ వెళ్ళారు. నేను వెనక నడిచాను. చేయి వేయబోతే "ఉండు" అన్నారు.

చెక్కదారి అంటే ఒక పాత సంగతి గుర్తొస్తుంది. 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ మన దేశానికి వచ్చినప్పుడు ఢిల్లీలో కుతుబ్ మినార్, జంతర్ మంతర్ లాంటి చోట్ల పురావస్తు శాఖ హడావిడిగా చెక్క ర్యాంపులు వేసింది. ప్రపంచ ప్రసిద్ధ శాస్త్రవేత్త వస్తే రాత్రికి రాత్రి వేయగలిగిన ర్యాంపు మిగతావాళ్ళకు ఎందుకు వేయలేరని వికలాంగుల హక్కుల ఉద్యమకారుడు జావేద్ అబిదీ వంటివాళ్ళు అప్పుడే అడిగారు. 2016లో వికలాంగుల హక్కుల కొత్త చట్టం వచ్చింది, అందులో 21 రకాల వైకల్యాలను గుర్తించారు, రవాణా అందరికీ అందుబాటులో ఉండాలన్నారు. ఐనా నియమాల్లో చాలావాటిని పాటిస్తే మంచిదన్నట్టు రాశారు. రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ లోపాన్ని ఎత్తిచూపి, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని చెప్పింది. దేశమంతా ఎక్కడెక్కడ ఏ అడ్డంకులున్నాయో అధ్యయనం చేసి కోర్టుకు నివేదిక ఇచ్చింది మన షామీర్‌పేట నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రమే. 

విమానంలో వెళ్ళేవాళ్ళకు రెండు ముక్కలు. ఏ సాయం కావాలో 48 గంటల ముందే విమాన సంస్థకు చెప్పాలి. ఊరికే వీల్‌చైర్ అంటే చాలదు. ఎక్కువ దూరం నడవలేరా, మెట్లు ఎక్కలేరా, అసలు లేవలేరా, ఈ మూడూ వాళ్ళ దగ్గర మూడు వేరువేరు కోడ్‌లు. మూడోది చెబితేనే సీటు దాకా సన్న కుర్చీలో తీసుకెళ్తారు. మన సొంత కుర్చీకి లగేజీ డబ్బులు తీసుకోకూడదు. బ్యాటరీ కుర్చీ ఐతే బ్యాటరీ రకం, సామర్థ్యం రాసి ఉన్న కాగితం దగ్గర పెట్టుకోండి, లేకపోతే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. 2022 మేలో రాంచీలో ఒక వికలాంగ బాలుణ్ణి ఇండిగో విమానం ఎక్కనివ్వలేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 5 లక్షలు జరిమానా వేసి, వైకల్యం కారణంగా సిబ్బంది తమంతట తామే ఎవరినీ ఆపకూడదని, అనుమానం ఉంటే విమానాశ్రయంలో డాక్టరు చేత చూపించాలని నిబంధన మార్చింది. 2024 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా బాధాకరం. న్యూయార్క్ నుంచి ముంబైలో దిగిన ముసలి దంపతులు ఇద్దరికీ వీల్‌చైర్లు అడిగి ఉన్నారు. దొరికింది ఒకటి. భార్యను అందులో కూర్చోబెట్టి ఎనభై ఏళ్ళ ఆయన పక్కన నడిచారు. ఇమ్మిగ్రేషన్ దగ్గర కుప్పకూలి చనిపోయారు. రెండో కుర్చీ వచ్చేదాకా ఆగమని చెప్పామని ఎయిర్ ఇండియా అంది. 30 లక్షలు జరిమానా పడింది. ఆయన ఎందుకు ఆగలేదో నాకు తెలిసినట్టే అనిపిస్తుంది. భార్య ముందు వెళ్ళిపోతుంటే వెనక ఎవరుంటారు?

తోడు వెళ్ళేవాళ్ళకు చెప్పే మాటలు ఎవరూ రాయరు. చూసుకునే మనిషికి కూడా అది సెలవే కావాలి. ఊరు మారినా ఇంట్లో చేసే పనే చేస్తుంటే ప్రయాణం ఎందుకు? నాకంటే మా సారు బరువెక్కువ. ఎత్తడం నా వల్ల కాదు. కుర్చీ నుంచి మంచానికి జరగడానికి ఒక నున్నటి చెక్కపలక వాడతాం, అది సూట్‌కేసులో అన్నిటికంటే కింద ఉంటుంది. రోజులో ఒక పూట ఏ కార్యక్రమమూ పెట్టుకోం. ఆ పూట ఆయన గదిలో క్రికెట్ చూస్తారు, నేను బయట తిరిగి వస్తాను. ఉప్పల్ స్టేడియంకు ఇంత దగ్గర ఉండి చెన్నై వెళ్ళి హోటల్‌లో మ్యాచ్ చూడటమేమిటని నేను దెప్పుతాను. ఫోన్ దగ్గరుంటుంది, తలుపు లోపల గడియ వేయరు, రిసెప్షన్‌లో చెప్పి వెళ్తాను. మైలాపూర్‌లో నేనొక్కదాన్నే కాఫీ తాగాను. ఎవరికీ మందు వేళ గుర్తుచేయకుండా ఆ కాఫీ పూర్తయింది. పోట్లాటలూ అవుతాయి. ప్రయాణంలో ఏ దంపతులు పోట్లాడుకోరు? మావి కుర్చీ గురించి కావు, దారి ఎవరికి బాగా తెలుసన్న దాని గురించి.

బయట మరుగుదొడ్ల సంగతి కూడా చెప్పాలి. భర్తకు సాయం చేయడానికి భార్య మగవాళ్ళ వైపు వెళ్ళలేదు, ఆయన్ని ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళలేదు. ఇద్దరూ కలిసి వెళ్ళగలిగే విడి మరుగుదొడ్డి ఎక్కడెక్కడ ఉందో ముందే కనుక్కుని పెట్టుకోవాలి. పెద్ద మాల్స్‌లో, మెట్రో స్టేషన్లలో, కొన్ని ఆస్పత్రుల్లో ఉంటుంది. మా సారు చెన్నై మ్యాపులో ముందు గుర్తుపెట్టినవి అవే, గుళ్ళూ బీచ్‌లూ తర్వాత.

ఇప్పుడు ఆయన మనసు కేరళ మీద పడింది. శబరి ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఒక రోజు ప్రయాణం. అలెప్పీలో హౌస్‌బోటులో ఒక రాత్రి ఉండాలట. గట్టు మీద నుంచి పడవలోకి ఒక పలక వేస్తారు, దాని మీద నుంచి ఎక్కాలి. పలక వెడల్పు ఎంత, గట్టుకూ పడవకూ ఎత్తు తేడా ఎంత, పడకగది తలుపు ఎంత అని మొన్న ఒక పడవ యజమానికి ఫోన్ చేశారు. ఆయనకు తెలుగు రాదు, ఈయనకు మలయాళం రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. టేపు పెట్టి ఫోటో పంపిస్తానని ఆ పెద్దమనిషి మాటిచ్చాడు. ఇంకా రాలేదు. రేపు సాయంత్రం దాకా చూసి మళ్ళీ ఫోన్ చేస్తానంటున్నారు మా సారు.